రాత్రి కాపలా, బీపీ, గ్యాస్, నిద్ర: "టెన్షన్ తగ్గించుకోండి" అంటే అసలు ఏం చెయ్యాలి?

#1 గట్టుమీద, ఉండి

రొయ్య పిల్ల వేసి రెండు నెలలు దాటిన చెరువుల వాళ్ళు ఈ మధ్య ఇక్కడ అడుగుతున్నది రొయ్య గురించి కన్నా మనిషి గురించే ఎక్కువ. రాత్రి మూడు నాలుగు సార్లు లేవాల్సి వస్తోంది, పొద్దున్నే తల దిమ్ముగా ఉంటోంది, కడుపులో మంట, కౌంట్ రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి కట్టే ధర) పడిందని ఫోన్ వస్తే గుండె దడ, ఆర్ఎంపీ దగ్గర చూపిస్తే బీపీ 150/96. అందరికీ దొరుకుతున్న సలహా మాత్రం ఒక్కటే: "టెన్షన్ పెట్టుకోకండి". పెట్టుకోకుండా ఉండటం ఎలాగో ఎవరూ చెప్పరు.

తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. టెన్షన్ ఒంట్లో ఏం చేస్తుంది, దేన్ని కొలవాలి, ఏది పనిచేస్తుంది, ఏది చెయ్యదు, ఎందుకు చెయ్యదు. రెండు షరతులు. సొంత కథలు వద్దు, అవి సంక్రాంతికి అరుగు మీద చెప్పుకుందాం. "మనసు ప్రశాంతంగా ఉంచుకోండి" అని ఎవరైనా రాస్తే ఆ పోస్టు తీసేస్తాను, ఆయ్.

#2 గౌతమి ఫిజీషియన్, కాకినాడ

ముందు ఒంట్లో జరిగేది చెప్తాను. కరెంటు పోయి ఏరియేటర్లు (చెరువు నీళ్ళలోకి గాలి కలిపే మిషన్లు) ఆగాయి. నిద్రలో ఉన్న మనిషికి సెకన్లలో అడ్రినలిన్ వదులుతుంది. గుండె వేగం, బీపీ పెరుగుతాయి, రక్తం కండరాల వైపు మళ్ళుతుంది, అరుగుదల నెమ్మదిస్తుంది. దాని వెనకాలే కార్టిసాల్ పెరుగుతుంది. అది పతాక స్థాయికి చేరేది 20, 30 నిమిషాలకి. లివర్ దాచుకున్న గ్లూకోజ్‌ని రక్తంలోకి వదిలేది కూడా దీని ప్రభావంతోనే. షుగర్ ఉన్నవాళ్ళకి ఏమీ తినకపోయినా పొద్దున రీడింగ్ ఎక్కువ రావడానికి ఇదొక కారణం.

జనరేటర్ వేశారు, గండం గడిచింది, గంటలో అన్నీ సర్దుకుంటాయి. ఇంతవరకూ ఏ హానీ లేదు, ఒళ్ళు అందుకే అలా తయారైంది. సర్దుకోకముందే ఇంకోసారి, ఇంకోసారి, నెలల తరబడి జరగడమే చిక్కు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి నిద్రలో బీపీ పగటి కన్నా 10 నుంచి 20 శాతం దిగుతుంది. రక్తనాళాలకి రోజు మొత్తంలో దొరికే విశ్రాంతి అదే. నిద్ర ముక్కలైతే ఆ దిగుడు సరిగ్గా రాదు. కాబట్టి మన ప్రాంతం వాళ్ళకి టెన్షన్ గురించి మాట్లాడితే నిద్ర గురించే ముందు మాట్లాడాలి. ధ్యానం, యోగా దాని తర్వాత.

ఇంకో దారి కూడా ఉంది, దీన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు. కంగారులో ఉన్న మనిషి మూడు టీలు ఎక్కువ తాగుతాడు, సిగరెట్ ముట్టిస్తాడు, రాత్రి పదకొండింటికి ఆవకాయ కలుపుకుని తింటాడు, బీపీ మాత్ర మర్చిపోతాడు. 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో మొదటిసారి గుండెపోటు వచ్చినవాళ్ళని, రానివాళ్ళని పోల్చి తొమ్మిది కారణాలు తేల్చింది. పొగ, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ లాంటి వాటితో పాటు మానసిక ఒత్తిడి కూడా ఆ తొమ్మిదిలో ఉంది. నిజానికి ఒత్తిడి వచ్చేటప్పుడు మిగతావాటిలో రెండు మూడింటిని వెంట తెచ్చుకుంటుంది.

150/96 సంగతి. ఒక్కసారి చూసిన రీడింగుతో బీపీ ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, టీ తాగి, బల్ల మీద కాళ్ళు వేలాడేసి, మాట్లాడుతూ చూపించుకుంటే ఎవరికైనా పెరుగుతుంది. ఇంట్లో చూసే పద్ధతి ఇది. మణికట్టుకి కాకుండా మోచేతి పైన దండకి కట్టే డిజిటల్ మిషన్ తీసుకోండి. చూసే ముందు అరగంట టీ, పొగ, వ్యాయామం ఉండకూడదు. ఒంటేలుకి వెళ్ళి రండి, మూత్రాశయం నిండి ఉన్నా రీడింగ్ పెరుగుతుంది. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు రెండూ నేలకి ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. చెయ్యి బల్ల మీద పెడితే పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. చొక్కా చెయ్యి మీద పట్టీ కట్టకూడదు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. పొద్దున టీకీ మాత్రకీ ముందు, సాయంత్రం భోజనానికి ముందు. ఇలా 7 రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతా వాటి సగటు కట్టండి. ఆ సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే బీపీ ఉన్నట్టే, ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. రాత్రి కాపలా ఉండేవాళ్ళకి "పొద్దున" అంటే గడియారంలో పొద్దున కాదు, పెద్ద నిద్ర లేచిన గంటలోపు.

#3 పాయ, నరసాపురం

డాక్టర్ గారూ, గ్యాస్, అల్సర్ అంతా టెన్షన్ వల్లే అంటారు కదండీ. దాని సంగతి రాయలేదు.

#4 గౌతమి ఫిజీషియన్, కాకినాడ

అల్సర్‌కి అసలు కారణాలు రెండు. కడుపులో ఉండే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఒకటి, నొప్పి మాత్రలు రెండోది. ఆ బాక్టీరియా సంగతి తేల్చినందుకే మార్షల్, వారెన్‌లకి 2005లో నోబెల్ ఇచ్చారు. ఒత్తిడి మంటని ఎక్కువగా తెలిసేలా చేస్తుంది, అరుగుదలని నెమ్మది చేస్తుంది, పుండు మాత్రం సాధారణంగా దానితో పడదు. "టెన్షన్ గ్యాసే" అని నెలల తరబడి మాత్రలు మింగుతూ, నల్లటి విరేచనాలూ బరువు తగ్గడమూ ఉన్నా ఎండోస్కోపీ చేయించుకోకపోవడం ప్రమాదం.

అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకోటి ఉంది. ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఆయాసం వస్తే సోడా తాగి పడుకోవద్దు. 108కి ఫోన్ చేసి ఈసీజీ ఉన్నచోటికి వెళ్ళండి. గ్యాస్ అని తేలితే సంతోషంగా ఇంటికి రావచ్చు. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్ళొద్దు, గట్టు మీద అసలే వద్దు.

#5 మందులకొట్టు, పాలకొల్లు

కౌంటర్ ఇవతల నుంచి నాలుగు మాటలు.

"నిద్రకి ఒక షీట్ ఇవ్వండి" అని అడిగేది ఎక్కువగా ఆల్ప్రాజోలామ్. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మింది వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్ళు ఉంచాలి. చాదస్తం అనుకోకండి. రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే ఒళ్ళు అలవాటు పడుతుంది, అదే మోతాదు చాలదు. ఒక్కసారిగా మానేస్తే నిద్ర ముందుకన్నా పాడవుతుంది, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్ళు ఇది చదివి రేపటి నుంచి ఆపెయ్యకండి, డాక్టర్ దగ్గర మెల్లగా తగ్గించుకోవాలి. మద్యం తాగిన రాత్రి ఈ మాత్ర వేసుకోవడం మాత్రం ఊపిరి మీదకి తెచ్చుకోవడమే.

గుండె దడకని పక్కింటివాళ్ళ ప్రొప్రనలాల్ తెచ్చుకుంటారు. ఉబ్బసం ఉన్నవాళ్ళకి దానితో గొంతు మీదకి వస్తుంది.

నడుం నొప్పికి డైక్లోఫెనాక్, తలనొప్పికి ఇంకోటి. ఈ నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, బీపీ మందు పనిని తగ్గిస్తాయి, కిడ్నీ మీద భారం, ఇందాక డాక్టర్ గారు చెప్పిన పుండు. జలుబు మాత్రల్లో ముక్కు దిబ్బడకి వేసే ఫినైలెఫ్రిన్ కూడా బీపీ ఉన్నవాళ్ళకి మంచిది కాదు. తలకి తాడు బిగించినట్టుండే టెన్షన్ తలనొప్పికి నెలలో 15 రోజులు, అంతకు మించి మాత్ర వేస్తూ పోతే కొన్నాళ్ళకి ఆ మాత్రే తలనొప్పి తెస్తుంది.

గ్యాస్‌కి నీళ్ళలో కలిపితే పొంగే పొడుల్లో సోడియం బాగా ఉంటుంది. బీపీ మాత్ర వేసుకుని పైన ఇది తాగడం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడం. పాంటోప్రజోల్ లాంటివి అన్నం తిన్నాక వేసుకుంటే సరిగ్గా పనిచెయ్యవు, పరగడుపున టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలి. అదీ డాక్టర్ చెప్పినన్ని వారాలే, ఏడాది పొడుగునా కాదు.

#6 డీవో మీటర్, ఆకివీడు

వైద్యం మీరు చెప్పారు, చెరువు సంగతి నేను చెప్తాను. మనిషి మూడు సార్లు లేవడానికి కారణం భయం కన్నా ఎక్కువగా లెక్క లేకపోవడం. ఎప్పుడు ఆక్సిజన్ పడుతుందో తెలీదు కాబట్టి రాత్రంతా చూస్తూ కూర్చోవడం.

సాయంత్రం 7కి ఒకసారి, 10కి ఒకసారి డీవో (నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్) చూడండి. రెండుసార్లూ ఒకే చోట, చెరువు నేలకి ఒక అడుగు పైన, ఏరియేటర్ తోసే నీళ్ళకి దూరంగా. రెండింటి మధ్య ఏరియేటర్ల సంఖ్య మార్చకూడదు, మారిస్తే లెక్క చెడుతుంది. ఉదాహరణకి 7కి 8 పీపీఎం, 10కి 6.5. మూడు గంటల్లో ఒకటిన్నర, అంటే గంటకి అర. రాత్రి పూట కిరణజన్య సంయోగక్రియ ఉండదు, పీల్చుకోవడమే ఉంటుంది కాబట్టి పడటం దాదాపు ఇదే వాలులో సాగుతుంది. రొయ్యకి 4 కన్నా తగ్గనివ్వకూడదు. 8 నుంచి 4కి రావడానికి 8 గంటలు, అంటే తెల్లవారుజామున 3. మిగిలిన ఏరియేటర్లు వెయ్యడానికి 2:30కి అలారం పెట్టుకుని పదింబావుకి పడుకోండి. మధ్యలో లేచి చూడాల్సిన అవసరం లేదు. అదే వాలు గంటకి 0.8 వస్తే పడుకోవద్దు, అప్పుడే అన్నీ వేసెయ్యండి.

ఈ లెక్క తప్పే రోజులు ఉన్నాయి. మబ్బు పట్టిన రోజు సాయంత్రం రీడింగే తక్కువలో మొదలవుతుంది. నీటి రంగు ఉన్నట్టుండి విరిగితే (నీళ్ళలోని పాచి ఒక్కసారిగా చచ్చిపోతే), రాత్రి వాన కొడితే వాలు నిలబడదు. ఆ రాత్రులు మనిషి ఉండాల్సిందే. సాయంత్రం మేత తగ్గించడం కూడా ఆ రోజు చెయ్యాల్సిన పనే. మిగతా రాత్రులకి ఆ పట్టుదల అక్కర్లేదు. మీటర్ మాత్రం నమ్మకంగా ఉండాలి. ప్రోబ్ పొర మీద పాచి పడితే తక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి ఉన్న నిద్ర కూడా పోతుంది. తడి గుడ్డతో తుడిచి, మీటర్‌తో వచ్చిన పద్ధతిలో కాలిబ్రేషన్ చేస్తూ ఉండండి.

కరెంటుకి: మూడు ఫేజుల్లో ఏ ఒక్కటి పోయినా మోగే సైరన్ పెట్టించుకోండి, దానికి సొంత బ్యాటరీ ఉండాలి. మెయిన్ లైన్ నుంచే కరెంటు తీసుకునే సైరన్ సరిగ్గా కావాల్సినప్పుడే మోగదు. ఫోన్‌కి కాల్ చేసే జీఎస్ఎం స్టార్టర్లు మోటార్లకి వాడుతున్నవే, ఏరియేటర్ ప్యానెల్‌కి కూడా బిగిస్తున్నారు. అందులో సిమ్ రీఛార్జ్ అయిపోవడం, షెడ్డులో సిగ్నల్ లేకపోవడం, రెండే జబ్బులు. జనరేటర్‌ని వారానికోసారి పది నిమిషాలు లోడు మీద తిప్పండి. ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తే బ్యాటరీ బలహీనతా, డీజిల్ లైన్లో గాలీ బయటపడవు, అవి రాత్రి రెండింటికి బయటపడతాయి.

#7 గట్టుమీద, ఉండి

డీవో మీటర్ గారు రాసింది పైన పిన్ చేశాను. ఇద్దరు మనుషులున్న చెరువులో కాపలా ఎలా పంచుకోవాలో ఎవరైనా చెప్పండి. ఇప్పుడు చాలాచోట్ల ఇద్దరూ రాత్రంతా సగం సగం మేలుకుంటున్నారు.

#8 గోస్తనీ, తణుకు

కౌన్సెలింగ్ పని చేస్తాను, నిద్ర లేమి దానిలో పెద్ద భాగం. ఇద్దరూ సగం సగం మేలుకోవడం అన్నిటికన్నా చెత్త పద్ధతి. చెరువుకి కాపలా సరిగ్గా ఉండదు, ఇద్దరికీ నిద్ర ఉండదు.

మధ్యలో ఒక గీత గీయండి. మొదటి మనిషి చీకటి పడ్డాక నుంచి 1:30 వరకూ, రెండో మనిషి 1:30 నుంచి తెల్లారి మేత వరకూ. రెండో మనిషి 8:30కే పడుకుంటే అయిదు గంటలు ఒకే ముక్కగా వస్తాయి. మొదటి మనిషి 1:45 నుంచి 7 వరకూ. ఇద్దరికీ మధ్యాహ్నం మేత అయ్యాక, మూడింటి లోపు, 20 నిమిషాల కునుకు. అరగంట దాటితే గాఢ నిద్రలోకి జారి లేచాక మరింత మత్తుగా ఉంటుంది, అలారం పెట్టుకోవాలి. వంతులు రోజు విడిచి రోజు మార్చకండి. ఒంట్లో గడియారం ఒక వేళకి అలవాటు పడటానికి రోజులు పడుతుంది. పంట మొత్తం ఒకే వంతు అయితే మరీ మంచిది, కుదరకపోతే కనీసం రెండు వారాలు నడపండి.

టీ గురించి. టీలో ఉండే కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు అయిదు గంటలు. 8:30కి పడుకునే మనిషి మూడున్నర తర్వాత టీ ముట్టకూడదు. 1:30కి లేచినప్పుడు ఒక గ్లాసు తాగొచ్చు, పనికొస్తుంది. నాలుగు దాటాక మళ్ళీ తాగితే తెల్లారాక పడుకోబోయే నిద్ర పోతుంది.

షెడ్డులో ఏరియేటర్ హోరు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి దానికి చెవి అలవాటు పడుతుంది. లేపేవి ఫోన్ మెసేజ్‌లు. కాల్స్‌కి మాత్రమే మోత ఉంచి మిగతావి ఆపేయండి. దోమతెర తప్పనిసరి, నిద్ర చెడకుండా ఉండటానికి కూడా. తెల్లారి పడుకునేవాళ్ళు కిటికీకి దళసరి గోనె పట్టా కట్టుకోండి.

పడుకున్నాక ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకండి. లేచి మసక వెలుతురులో వల సర్దడమో, రాయడమో, ఏదైనా విసుగు పుట్టే పని చేసి నిద్ర ముంచుకొచ్చాకే తిరిగి పడుకోండి. మంచం అంటే మెలకువ అని మెదడు నేర్చుకుంటే ఆ పాఠం మరిపించడం కష్టం.

#9 పాయ, నరసాపురం

ఇవన్నీ సరే గానండీ, రెండు పెగ్గులు వేస్తే అయిదు నిమిషాల్లో నిద్ర. దీనికేమంటారు? వాదన కోసం అడుగుతున్నాను.

#10 గౌతమి ఫిజీషియన్, కాకినాడ

నిద్ర పట్టేది నిజమే, నిలిచేది కాదు. ఆల్కహాల్ విరిగే కొద్దీ రాత్రి రెండో సగంలో మెలకువలు పెరుగుతాయి. గొంతు కండరాలు వదులై గురక, ఊపిరి ఆగడాలు ఎక్కువవుతాయి. తెల్లారి బీపీ కూడా పెరుగుతుంది. ఆ మెలకువ వచ్చే వేళ, చెరువులో ఆక్సిజన్ పడే వేళ ఒకటే కావడం వల్ల మనిషి మత్తుగా గట్టు మీద తిరుగుతాడు. నీళ్ళు, కరెంటు పక్కపక్కనే ఉన్న చోట అది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువ తాగేవాళ్ళు ఒకేసారి మానెయ్యకండి. మానిన 6 నుంచి 48 గంటల్లో వణుకు, చెమటలు, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి లేనివి కనిపించడం, తికమక మొదలైతే ప్రాణం మీదకి వస్తుంది. ఆస్పత్రిలో చేర్చి మాన్పించాలి.

భారీ గురక, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం, పగలు కూర్చున్న చోటే తూగడం, ఈ మూడూ ఉంటే అది టెన్షన్ కాదు, స్లీప్ ఆప్నియా కావచ్చు. మెడ లావుగా ఉన్నవాళ్ళలో ఎక్కువ. దాన్ని వదిలేసి బీపీ మాత్రలు ఎన్ని మార్చినా బీపీ లొంగదు.

#11 కొబ్బరాకు, అంబాజీపేట

యోగా నేర్పుతాను. నిద్ర ముందు అన్న డాక్టర్ గారి మాటతో నాకు పేచీ లేదు, కాకపోతే పడుకోవడానికి పది నిమిషాలు దొరికిన మనిషికి ఆ పది నిమిషాల్లో ఒళ్ళు వదులు కాకపోతే ఆ నిద్రా రాదు.

ఊపిరి: కూర్చోండి లేదా వెల్లకిలా పడుకోండి. ఒక చెయ్యి బొడ్డు మీద. ముక్కుతో 4 అంకెలు లోపలికి, 6 అంకెలు బయటికి. అంకె అంటే సెకను. నిమిషానికి ఆరు శ్వాసలు. బయటికి వదిలేటప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. పది నిమిషాలు. ఎక్కువమంది చేసే తప్పు ఛాతీ నిండా గాలి లాగడం. లోతుగా కాదు, నెమ్మదిగా. ఎక్కువ గాలి పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, "అమ్మో గుండెకేదో అయింది" అని కంగారు ఇంకా పెరుగుతుంది. అలా అనిపిస్తే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోండి, రెండు మూడు నిమిషాల్లో పోతుంది. 4, 6 కష్టమైతే 3, 4తో మొదలుపెట్టండి.

బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టే కుంభకాలు చెయ్యకండి. కపాలభాతి, భస్త్రిక కూడా బీపీ అదుపులో లేనివాళ్ళకి, హెర్నియా ఉన్నవాళ్ళకి, గర్భిణులకి వద్దు. టీవీలో చూసి నిమిషానికి వందసార్లు పొట్ట కొట్టుకోవడం టెన్షన్ తగ్గించే పని కాదు. భ్రామరి పర్వాలేదు, మెల్లగా అయిదారు సార్లు.

కండరాలు వదలడం: మేత బస్తాలు మోసేవాళ్ళకి ఇది ఊపిరి కన్నా బాగా పడుతుంది. పాదాల నుంచి మొదలుపెట్టి పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్ళు, భుజాలు, మొహం. ఒక్కో చోట 5 సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలేసి 20 సెకన్లు ఆ వదులుని గమనించాలి. బిగింపు ముప్పావు బలంతోనే. పిక్కలు గట్టిగా బిగిస్తే నరం పట్టేస్తుంది, చెమట బాగా పోసిన రోజు మరీను. అక్కడ వేళ్ళని కిందకి కాకుండా మోకాలి వైపుకి లాగండి. చాలామంది బిగించడం శ్రద్ధగా చేసి వదిలిన తర్వాతి 20 సెకన్లని ఎగ్గొడతారు. పని జరిగేది అక్కడే.

#12 గౌతమి ఫిజీషియన్, కాకినాడ

కొబ్బరాకు గారు కుంభకం గురించి చెప్పింది బాగుంది. ఒకటే కలుపుతాను. నెమ్మది ఊపిరితో బీపీ కొద్దిగా తగ్గుతుంది, మాత్ర బదులు కాదు. బీపీ చూసుకునే ముందు పది నిమిషాలు ఇది చేసి తక్కువ రీడింగ్ రాసుకోకండి, డాక్టర్‌ని మోసం చేసినా రక్తనాళాన్ని మోసం చెయ్యలేరు.

#13 లంక గాలి, ముమ్మిడివరం

ఇంతసేపూ గట్టు మీద మగవాళ్ళ గురించే నడిచింది. రొయ్యల ప్లాంట్లలో తలలు తీసే, పొట్టు ఒలిచే ఆడవాళ్ళ సంగతి? చల్లటి నీళ్ళలో చేతులు, తడి నేల మీద గంటల తరబడి నిలబడటం, మెడ వంచి ఒకే పని. ఇంటికెళ్ళాక వంట, పొద్దున్నే మళ్ళీ బస్సు. వాళ్ళూ అదే చెప్తారు: నిద్ర లేదు, దడ, నీరసం.

గ్రామాల్లో ఆరోగ్యం పని చేసేదాన్ని కాబట్టి చెప్తున్నాను. ఆడవాళ్ళకి దడ, నీరసం అనగానే టెన్షన్ అని తీసెయ్యకండి. ముందు హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయించండి. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనత. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే దడ, చెమట, చేతి వణుకు, నిద్ర లేకపోవడం, బరువు తగ్గడం ఉంటాయి, అచ్చం కంగారు లాగే. ఐరన్ మాత్రని టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు, గంట తేడా ఉండాలి, నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది.

పనిలో చెయ్యగలిగేవి: గంటకోసారి ముప్ఫై సెకన్లు గడ్డం వెనక్కి లాగి, భుజాలు చెవుల దాకా ఎత్తి వదలడం. ఒక కాలు కింద ఇటుక ఎత్తు పీట మార్చి మార్చి పెట్టుకుంటే నడుం మీద భారం తగ్గుతుంది. బాత్రూముకి వెళ్ళాలని నీళ్ళు తాగడం మానేస్తారు, తలనొప్పికి సగం కారణం అదే. గుండెపోటు ఆడవాళ్ళలో కొన్నిసార్లు ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, వికారం, విపరీతమైన నీరసంగానే రావచ్చు, అది కూడా గుర్తుంచుకోండి.

#14 మందులకొట్టు, పాలకొల్లు

లంక గాలి గారూ, టీ, ఐరన్ మాట రాసినందుకు సంతోషం. కౌంటర్ దగ్గర రోజూ చెప్తాం, ఎవరూ వినరు.

తిండి గురించి చిన్నగా. రోజుకి ఉప్పు 5 గ్రాములు, అంటే చదునుగా ఒక చిన్న చెంచా, అన్నిట్లో కలిపి. కూరలో తగ్గించి ఆవకాయ, అప్పడం, ఎండు రొయ్యలు, ఉప్పు చేప వేసుకుంటే తగ్గించినట్టు కాదు. కొబ్బరి బోండం మంచిదే, పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బున్నవాళ్ళు, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు రోజుకి మూడు నాలుగు తాగే ముందు డాక్టర్‌ని అడగాలి. సోడియం తక్కువ ఉప్పు ప్యాకెట్లలో కూడా పొటాషియమే ఉంటుంది, అదే జాగ్రత్త.

#15 గట్టుమీద, ఉండి

చివరి ముడి ఒకటుంది. నిద్ర, బీపీ, ఊపిరి అన్నీ సరి, అప్పు మాత్రం అలాగే ఉంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు పెరిగినప్పుడు రేట్లు పడి ఎంతమందిని కుదిపిందో అందరికీ తెలుసు. ఊపిరి పీలిస్తే కౌంట్ రేటు పెరగదు కదా. గోస్తనీ గారూ?

#16 గోస్తనీ, తణుకు

పెరగదు. రేటు మన చేతిలో లేదు, రాత్రి రెండింటికి దాని గురించి ఆలోచించడం మాత్రం కొంత మన చేతిలో ఉంది.

సాయంత్రం ఒక వేళ పెట్టుకోండి, 6:30 అనుకుందాం, 20 నిమిషాలు, కుర్చీలో, మంచం మీద కాదు. నోట్‌బుక్‌లో మూడు గడులు. మొదటి దాంట్లో బెంగ ఏమిటో ఒక్క ముక్కలో. రెండో దాంట్లో రేపు దాని మీద చెయ్యగలిగిన పని, ఏమీ లేకపోతే అడ్డగీత. మూడో దాంట్లో ఎవరితో, ఎన్నింటికి. "అప్పు" అని రాస్తే పని చెయ్యదు, మరీ పెద్దది. "మేత డీలర్‌కి ఈ నెల బాకీ, రేపు 11కి ఫోన్ చేసి రొయ్య పట్టి అమ్మే దాకా వాయిదా అడగాలి" అని రాయాలి. రాత్రి అదే బెంగ వస్తే "పుస్తకంలో ఉంది, రేపు ఆరున్నరకి" అని పక్కన పెట్టడం. మొదటి వారం ఇది వెటకారంగా అనిపిస్తుంది. రెండు మూడు వారాలు వదలకుండా చేస్తేనే తేడా తెలుస్తుంది. అందరూ చేసే తప్పు పడుకునే ముందు రాయడం, అప్పుడు బెంగని తట్టిలేపి పక్కలో పడుకోబెట్టుకున్నట్టే.

అప్పులకి వేరే పేజీ. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, ఎప్పటికి. నూటికి 3 రూపాయలంటే ఏడాదికి 36 శాతం, 2 రూపాయలంటే 24. ఇలా పక్కపక్కన రాస్తే ముందు ఏది తీర్చాలో కనిపిస్తుంది. చాలా ఇళ్ళలో ఈ పేజీ యజమాని బుర్రలోనే ఉంటుంది, భార్యకి తెలియదు. ఆ దాపరికమే పెద్ద బరువు. ఇద్దరూ కూర్చుని రాయండి.

ఇప్పుడు గట్టిగా ఒకటి. రెండు వారాలకి మించి దేని మీదా ఆసక్తి లేకపోవడం, తిండి మానెయ్యడం, "నేను లేకపోతే మీకు బాగుంటుంది" లాంటి మాటలు, చెరువు ఎవరికి అప్పగించాలో చెప్పడం కనిపిస్తే అది రేటు గురించిన చిరాకు కాదు. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, మనిషి నోరు విప్పడానికి దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళండి. షెడ్డులో ఉన్న పురుగుమందులు, కెమికల్స్ తాళం వేసి తాళంచెవి వేరే ఇంట్లో పెట్టండి. ఆ ఆలోచన ఉధృతంగా ఉండే సమయం చాలాసార్లు తక్కువే, ఆ కాసేపు చేతికి అందకపోతే ప్రాణం దక్కుతుంది. టెలీ మానస్ నంబర్ 14416, డబ్బు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రాత్రి కాపలాలో ఉన్నప్పుడు కూడా చెయ్యొచ్చు.

#17 గట్టుమీద, ఉండి

14416 పైన పిన్ చేశాను. షెడ్డు గోడ మీద జనరేటర్ మెకానిక్ నంబర్ పక్కనే రాసుకోండి.

#18 పాయ, నరసాపురం

ఒప్పుకున్నానండి. ఇక మిషన్ కొనడమే మిగిలింది. లావు చేతులకి పట్టీ సరిపోవడం లేదని అంటున్నారు, ఏ సైజు తీసుకోవాలి?

#19 గౌతమి ఫిజీషియన్, కాకినాడ

భుజం ఎముకకీ మోచేతికీ సరిగ్గా మధ్యలో టైలర్ టేపుతో చుట్టుకొలత తియ్యండి. 22 నుంచి 32 సెంటీమీటర్లు అయితే మిషన్‌తో వచ్చే మామూలు పట్టీ చాలు. 32 దాటితే 42 దాకా పట్టే పెద్ద పట్టీ విడిగా కొనాలి, పట్టీ మీదే ఈ అంకెలు ముద్రించి ఉంటాయి. చిన్న పట్టీ లావు చేతికి కడితే లేని బీపీ కనిపిస్తుంది. మొదటి రోజు రెండు చేతులకీ చూడండి, ఎక్కువ వచ్చిన చేతికే తర్వాత రోజూ చూడాలి. రెండింటికీ మళ్ళీ మళ్ళీ 10 కన్నా ఎక్కువ తేడా వస్తుంటే డాక్టర్‌కి చెప్పండి. మిషన్‌ని షెడ్డు రేకు కింద ఎండలో వదలకండి. బ్యాటరీ బలహీనపడితే ఎర్రర్ చూపిస్తుంది, అప్పుడు నాలుగూ ఒకేసారి మార్చండి.